తోటలో రాతి నెగడు: మంటకు ఇటుక, వానకు రాయి

కింద చిత్తూరులో ఫ్యాను తిరుగుతూంటుంది. మొగిలి ఘాటు ఎక్కి పలమనేరు చేరేసరికి దుప్పటి వెతుక్కుంటాం. కార్తీకంలో మొదలైన చలి శివరాత్రికి శివశివా అంటూ పోయేదాకా మా తోటలో సాయంత్రం ఆరు దాటితే నెగడు లేనిదే ఎవరూ బయట కూర్చోరు. కౌండిన్య అడవి పక్క ఊళ్లలో ఏనుగుల కాపలాకి మంటేసుకునేవాళ్లు వేరే. మాది ఉత్త చలి కాగే మంట, దానిమీద నాలుగు వేరుశనక్కాయలు, రెండు మొక్కజొన్న కంకులు.

నేల మీద మంటేస్తే పొగ ఏ పక్క కూర్చుంటే ఆ పక్కకే వస్తుంది. అందుకని మొదటిసారి నా తెలివికొద్దీ ఒక రాతి గూడు కట్టించాను. క్వారీ సైజు రాళ్లు, సిమెంటు, పైన కాంక్రీటు పలక. చూడ్డానికి కోట బురుజులా ఉండేది. రెండో ఏడు భోగి ముందు రాత్రి, మా అక్క కొడుకు చెరకు ముక్క కాలుస్తూ ముందుకి వంగాడు. లోపల్నుంచి 'టప్' మని శబ్దం. అరచేతిలో సగమంత రాతి పెచ్చు వాడి చెవి పక్కనుంచి పోయి వెనకున్న దుప్పటి మీద పడింది. దుప్పటికి చిల్లు. వాడికేమీ కాలేదు, అంతే మా అదృష్టం. తెల్లారి టార్చి పెట్టి చూస్తే లోపలి గోడలో ఏడు చోట్ల రాయి పెచ్చులూడి ఉంది, కాంక్రీటు పలక కింద కమ్మీ బయటికి కనిపిస్తోంది.

ఆ వారంలో కంచె కూసాలు దించడానికి వచ్చిన రాయి కొట్టే పెద్దాయన దాన్ని చూసి నవ్వాడు. "బండని లేపాలంటే మేము దాని మీద ఏం చేస్తాం సామీ? మంటేగా ఏస్తాం! నువ్వు ఆ మంటని దాని కడుపులోనే పెట్టినావు."

నిజమే. పరుపు బండ మీద కట్టెలు పేర్చి, మంటని మెల్లగా జరుపుకుంటూ, సుత్తితో కొట్టి బోలు శబ్దం వినపడ్డాక పలకలు లేపడం మన పక్క పాత పద్ధతి. గ్రానైటులో పలుగురాయి ఉంటుంది, అంటే క్వార్ట్జ్. 573 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర దాని లోపలి అమరిక మారి ఒక్కసారిగా ఉబ్బుతుంది. అంతదాకా కూడా అక్కర్లేదు. ముఖం కాలి వీపు చల్లగా ఉంటే చాలు, ముఖం పెచ్చుగా లేచిపోతుంది. బాగా మండే కట్టె నిప్పు ఈ వేడిని తేలిగ్గా దాటుతుంది. తిరుమల కొండ రాయి క్వార్ట్‌జైటు, దాన్లో పలుగురాయి ఇంకా జాస్తి. కడప బండ సున్నపురాయి, పొరలు పొరలుగా లేస్తుంది. స్వర్ణముఖి ఇసుకలో దొరికే నున్నటి గుండ్లు వీటన్నిటికంటే ప్రమాదం. వాటి సందుల్లో చేరిన నీరు ఆవిరైతే బయటికి దారి లేక పేలతాయి.

కాబట్టి రెండోసారి కట్టినప్పుడు ఒకటే నియమం పెట్టుకున్నాను: మంట తగిలే చోట ఫైర్ బ్రిక్కు, అంటే వేడికి ఆగే ఇటుక, వాన తగిలే చోట రాయి, రెండూ ఒకదాన్నొకటి తాకకూడదు. మూడు వానాకాలాలు గడిచాయి, బాగానే ఉంది. ఆ లెక్కే ఇక్కడ చెబుతున్నాను.

చోటు

వాస్తు ప్రకారం అగ్ని ఆగ్నేయానికి పోవాలంటారు. మా ఇంట్లో ఆ మాట దాటలేదు గానీ, గాలి మాట కూడా విన్నాం. చలికాలంలో మనకు గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది. గూడు వీపు గాలికి పెడితే ముందువైపు గాలి సుడి తిరిగి పొగని మీ మొహం మీదికే లాగుతుంది. గాలి పక్కనుంచో, కాస్త ఏటవాలుగా ముందునుంచో తగిలేలా నోరు తిప్పండి. కాగితం మీద గీసుకుని తృప్తి పడొద్దు. అనుకున్న చోట మూడు సాయంత్రాలు తడి ఆకులతో పొగబెట్టి చూడండి. నేను అలా చూశాకే గూడుని పన్నెండు అడుగులు పక్కకు జరిపాను.

ఇంటి గోడకి, చెట్ల కొమ్మలకి పది అడుగులు తగ్గకుండా దూరం కావాలి. పూరిపాక, గడ్డివామి, చెరకు తోట ఉంటే ముప్ఫై అడుగులైనా ఉండాలి. పైన కరెంటు తీగలు ఉన్నాయేమో తలెత్తి చూసుకోండి, చాలామంది చూడరు.

కొలతలు ముందు, రాళ్లు తర్వాత

నోరు మూడడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు. లోతు 18 అంగుళాలు. వెనక గోడ 20 అంగుళాలే. అంటే రెండు పక్క గోడలూ ముందుకి విచ్చుకున్నట్టు ఏటవాలుగా ఉంటాయి. ఇది నా సొంత బుర్ర కాదు. లోతు తగ్గించి, పక్కలు విచ్చి, గొంతు, అంటే మంట పైన పొగ చిమ్నీలోకి పోయే సందు, ఇరుకు చేస్తే వేడి ముందుకొస్తుంది, పొగ పైకి పోతుంది అని రమ్‌ఫోర్డ్ అనే ఆయన 1796లోనే రాసి పెట్టాడు. లోతుగా పెట్టెలా కడితే మంట అందంగా ఉంటుంది, వేడంతా చిమ్నీలో పోతుంది.

పొగదారి కొలత దీన్నిబట్టే తేలుతుంది. నోరు 36 అంగుళాలు, 30 అంగుళాలు, అంటే 1080 చదరపు అంగుళాలు. పొడవైన చిమ్నీకి ఇందులో పదో వంతు చాలు. ఆరుబయట చిమ్నీ పొట్టిగా ఉంటుంది కాబట్టి ఎనిమిదో వంతు, 135 తీసుకోండి. లోపల పన్నెండుకి పన్నెండు అంగుళాల చదరం వదిలితే 144 వస్తుంది, సరిపోతుంది. నోరు పెద్దది చేయాలని ముచ్చటపడి పొగదారి అలాగే ఉంచితే ఏం జరుగుతుందో కళ్లు మండాక తెలుస్తుంది.

మొత్తం కట్టడం అడుగున ఆరడుగులు, మూడడుగులు. ఎత్తు పదకొండు అడుగుల పైచిలుకు. చిమ్నీ కొన పది అడుగుల దూరం లోపల ఉన్న దేనికన్నా రెండడుగులు ఎత్తులో ఉండాలి.

సామాను

ఫైర్ బ్రిక్కులు 9, నాలుగున్నర, 3 అంగుళాల కొలతలో వస్తాయి. ఐఎస్ (ఇండియన్ స్టాండర్డ్) 6, ఐఎస్ 8 అని రెండు రకాలు అడగొచ్చు. రెండోది ఎక్కువ వేడికి. కట్టెల మంటకు మొదటిదైనా ఆగుతుంది, ధరలో తేడా మరీ ఎక్కువ లేకపోతే ఎనిమిదే తీసుకోండి. బాయిలర్లకి, బేకరీ పొయ్యిలకి సామాను అమ్మే అంగళ్లలో దొరుకుతాయి. గూడుకి నూటపది, గొంతు, పొగదారి కలిపితే 220 నుంచి 250 దాకా పడతాయి. రెండు ఇటుకలు ఒకదానికొకటి తగిలించి చూడండి. కంచు మోత రావాలి. బొద్దుగా మోగితే లోపల బీట ఉన్నట్టే.

వాటిని అతికించే ఫైర్ మోర్టారు దగ్గర ఒక మెలిక ఉంది. కొన్ని రకాలు వేడి తగిలితే తప్ప గట్టిపడవు. వానకు తడిస్తే మళ్లీ బురదే. ఇంట్లో పొయ్యికి అవి పనికొస్తాయి, ఆరుబయటికి పనికిరావు. "నీళ్లకు కరగని రకం" అని నోరు తెరిచి అడిగి తీసుకోండి. మామూలు సిమెంటు మాలు మంట దగ్గరికి రానివ్వొద్దు. మూడొందల డిగ్రీలు దాటాక దాని బలం తగ్గుతూ పోయి చివరికి పొడి అవుతుంది.

బయటి రాయి మీ ఇష్టం. మాకు గ్రానైటు సైజు రాళ్లు దగ్గర్లోనే దొరికాయి. తొమ్మిది అంగుళాల గోడకు సరిపడా చెక్కినవి తీసుకోండి. లెక్కగా పర్మిటు ఉన్న క్వారీ నుంచే తెచ్చుకోండి. అడవిలో రాయి ముట్టుకుంటే ఆ తర్వాత నడిచే కథ నెగడు కంటే వేడిగా ఉంటుంది.

పునాది

కట్టడం బరువు ఎనిమిది టన్నులకు అటూఇటూ ఉంటుంది. అంత బరువు చిన్న చోట నిలబడుతుంది కాబట్టి పునాది కాస్త కుంగితే చిమ్నీ ఒక పక్కకు ఒరిగిపోతుంది. మా ఎర్ర నేలలో రెండున్నర అడుగులు తవ్వేసరికి గరుసు తగిలింది. నల్లరేగడి ఉంటే అది ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బుతుంది, ఆ పొర దాటి గట్టి నేల వచ్చేదాకా తవ్వాల్సిందే.

గుంత ఏడడుగులు, నాలుగడుగులు. అడుగు దిమ్మిస చేసి నీళ్లు పోసి మళ్లీ దిమ్మిస. దాని మీద 1:4:8 (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు) కాంక్రీటు ఆరంగుళాలు. ఆపైన 10 ఎంఎం కమ్మీ ఆరంగుళాలకొకటి రెండు వైపులా అల్లి, 1:2:4 పాళ్లతో ఎనిమిదంగుళాల పలక. కమ్మీ నేలకి ఆనకుండా కింద రెండంగుళాల కవర్ బిళ్లలు పెట్టండి. పది రోజులు గోనెసంచులు కప్పి తడపాలి. పని జనవరి చివర మొదలుపెట్టడం మేలు. అక్టోబరు, నవంబరు వానల్లో గుంత చెరువవుతుంది. 2021 నవంబరులో తిరుపతి పక్క కురిసిన వాన చూసినవాళ్లు ఆ నెలల్లో గుంత తవ్వరు.

అరుగు, గూడు

పలక మీద పదిహేను అంగుళాల ఎత్తు రాతి అరుగు కట్టండి. నడుమ ముక్కరాళ్లు, మాలు గట్టిగా నింపితే చాలు. ఈ ఎత్తు వల్ల కట్టె పెట్టడానికి నడుము వంచక్కర్లేదు, వాన నీళ్లు లోపలికి పారవు, రాత్రి వెచ్చదనానికి పాములు చేరడం కూడా తగ్గుతుంది.

అరుగు పైన ఫైర్ బ్రిక్కు పరుపు. అడుగుకి పావు అంగుళం చొప్పున ముందుకి వాలు ఉంచండి. ఆ వాలు లేక మా పాత గూట్లో ఎప్పుడూ బూడిద నీళ్లే నిలిచేవి.

ఇప్పుడు గోడలు. ఇటుకని మాలు పెట్టే ముందు ఒకసారి నీళ్లలో ముంచి తీయండి. పొడి ఇటుక మాలులోని నీళ్లు తాగేసి అతుక్కోదు. మాలు మజ్జిగ కన్నా చిక్కగా, దోశపిండి కన్నా పలచగా ఉండాలి. కీలు, అంటే రెండు ఇటుకల మధ్య మాలు పొర, రెండు మూడు మిల్లీమీటర్లే, అంతకు మించొద్దు. మా మేస్త్రికి ఇళ్ల గోడలు కట్టిన చేయి, అరంగుళం మాలు వేయడం అలవాటు. "ఇంత పలచగా ఏస్తే నిలస్తాదా అన్నా?" అని గునిశాడు. పాత గూట్లో రాలిపోయిన మాలు చూపించాక మాట్లాడలేదు. కాలేది మొదట కీలే, కీలు ఎంత సన్నగా ఉంటే అంత మంచిది. ఇటుకని పెట్టి, చెక్క సుత్తితో రెండు దెబ్బలు కొట్టి, బయటికొచ్చిన మాలు అక్కడికక్కడే గుడ్డతో తుడవాలి. వరసకొకసారి మట్టం, తూకం గుండు చూడండి. వెనక గోడ పదిహేను అంగుళాలు నిటారుగా లేపి, ఆపైన కాస్త కాస్త ముందుకి వాల్చుకుంటూ రండి.

మధ్యలో ఖాళీ

ఈ మొత్తంలో ఒక్క పని మాత్రమే ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తానంటే, ఇది చేయండి.

ఇటుక గూడుకి, బయటి రాతి గోడకి మధ్య అంగుళం సందు ఉండాలి. కాలిన ఇటుక పెరుగుతుంది. చేతికి తెలియనంతే, కానీ పెరుగుతుంది. రాతికి ఆనించి కడితే ఆ పెరుగుదల రాతిని తోస్తుంది, మొదటి చలికాలంలోనే కీళ్ల వెంట బీట పాకుతుంది. చాలా గూళ్లు పాడయ్యేది ఇలాగే, జనం మాత్రం సిమెంటు మంచిది కాదని తిట్టుకుంటారు.

సందు కట్టడం చెప్పినంత తేలిక కాదు. రాయి పేర్చేటప్పుడు మాలు జారి ఆ సందులో పడి, గట్టిపడి రెండిటినీ కలిపేస్తుంది. దీనికి మేము చేసిన ఉపాయం: టీవీ పెట్టె అట్టలు కోసి, రెండు మూడు మడతలు వేసి ఇటుక గోడ వెనక నిలబెట్టాం. రాయి ఆ అట్టకి ఆనుకుని లేచింది. తర్వాత మంటలకు అట్ట మాడి పొడయిపోయింది, ఖాళీ మిగిలింది. డబ్బు పెట్టగలిగితే సిరామిక్ దుప్పటి అంగుళం మందంది పెట్టండి, వేడి రాతికి ఇంకా తక్కువ పోతుంది. దాన్ని కోసేటప్పుడు ముక్కుకి మాస్కు, చేతులకు తొడుగులు తప్పనిసరి, ఆ నూలు గొంతులో దిగితే మంచిది కాదు.

రాతి గోడ

దీనికి మంట సంబంధం లేదు కాబట్టి మామూలు రాతి కట్టుబడే. కాకపోతే ఉత్త సిమెంటు కాకుండా సిమెంటు ఒక పాలు, సున్నం ఒక పాలు, ఇసుక ఆరు పాళ్లు కలపండి. సున్నం ఉన్న మాలు కాస్త సాగుతుంది, సన్న బీటల్ని ఓర్చుకుంటుంది. సున్నం మాట నమ్మకం లేకపోతే ఒకసారి చంద్రగిరి పోయి రాజమహల్ చూసి రండి. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నం గారతోనే లేపిన మూడంతస్తుల కట్టడం. మేస్త్రిని కూడా తీసుకుపోండి, నేను తీసుకుపోయాను. సున్నం కంట్లో పడకుండా మాత్రం చూసుకోవాలి.

కీలు మీద కీలు రాకూడదు. అడ్డంగా నాలుగడుగులకొకటి, గోడ మందమంతా పట్టే పొడవు రాయి పడాలి. రోజుకి రెండడుగుల కంటే ఎత్తు లేపొద్దు, తడి మాలు మీద బరువు పడితే కింది వరసలు జారతాయి. మూలరాళ్లు మాత్రం పెద్దవి ఏరి పక్కన పెట్టుకోండి. చివర్లో వెతికితే దొరకవు.

నోటి పైన లింటలుకి రాతి కడ్డీ పెడితే బాగుంటుందని అందరికీ అనిపిస్తుంది. మంట నాలుక తగిలేది సరిగ్గా అక్కడే, పగులుతుంది. మూడంగుళాల ఇనుప యాంగులర్ (ఎల్ ఆకారం కడ్డీ) పెట్టండి, రెండు పక్కలా నాలుగంగుళాలు గోడలోకి పోవాలి. కొనల దగ్గర మాలు పూర్తిగా బిగించకుండా పది మిల్లీమీటర్ల జాగా వదలండి. ఇనుము వేడికి పొడుగవుతుంది, జాగా లేకపోతే పక్క రాయిని తోసేస్తుంది. రాతి అందం కావాలంటే యాంగులర్ ముందు పలచటి రాతి ముఖం నిలబెట్టుకోండి.

గొంతు, పొగ గది, చిమ్నీ

లింటలు పైన ఎనిమిదంగుళాల దగ్గర ముందు వెనక గోడలు దగ్గరయి నాలుగైదు అంగుళాల గొంతు మిగలాలి. దాని వెనక చదునుగా ఒక మెట్టు వదిలితే, పైనుంచి దిగే చల్లగాలి అక్కడ తగిలి వెనక్కి తిరుగుతుంది. ఆ మెట్టు లేని గూళ్లలో గాలి విసిరినప్పుడల్లా పొగ నోట్లోంచి కక్కుతుంది.

గొంతు నుంచి పన్నెండంగుళాల చిమ్నీ దాకా గోడలు మెల్లగా సన్నబడాలి. మూడంగుళాల ఇటుక వరసకి ఒక్క అంగుళమే లోపలికి జరపండి. అలా లెక్కేస్తే ఒక్కో పక్కా పన్నెండు వరసలు, మూడడుగుల ఎత్తు పడుతుంది. తొందరపడి నాలుగు వరసల్లో మూసేస్తే పొగకి తల తగులుతుంది. మెట్లు మెట్లుగా ఉన్న లోపలి ముఖానికి ఫైర్ మోర్టారు పూసి నున్నగా చేయండి. చిమ్నీ లోపల ఫైర్ బ్రిక్కుని పక్కకి నిలబెట్టి మూడంగుళాల మందంతో నాలుగడుగులు లేపాం. బయట రాయి, మధ్యలో మళ్లీ అట్ట.

కొన మీద నాలుగు మూలలా ఎనిమిదంగుళాల రాతి కాళ్లు, వాటి మీద గ్రానైటు పలక. పలక అంచు రెండంగుళాలు బయటికి పొడుచుకు రావాలి. అంచు అడుగున వేలంత గాడి కొట్టించండి. అది లేకపోతే వాన నీరు పలక కిందగా పాకి లోపలికే వస్తుంది. కాళ్ల మధ్య అర అంగుళం కన్నా చిన్న కన్నుల ఇనుప జాలీ పెట్టండి. మాఘం దాటాక ఎండు గడ్డిలో ఒక్క నిప్పురవ్వ చాలు.

మొదటి మంట

కట్టడం అయిన వెంటనే కట్టెలు పేర్చేస్తారు, బంధువులొచ్చారని. వద్దు. బయటి రాతి గోడని పది రోజులు తడిపి, మొత్తం నాలుగు వారాలు ఆరనివ్వండి. ఆ తర్వాత మొదటి రోజు గుప్పెడు పుల్లలు, అరగంట. మర్నాడు ఇంకాస్త. ఇలా వారం పెంచుకుంటూ పోవాలి. మొదటి రెండు రోజులు ఇటుకల నుంచి ఆవిరి లేవడం మీకే కనిపిస్తుంది, ఆ నీరు మెల్లగా పోవాలనే ఇంత ఓపిక. వెంట్రుకంత బీటలు వస్తే భయం లేదు. గోరు దూరేంత బీట వస్తే ఆ కీలు గీకి మళ్లీ నింపాలి.

కట్టెల్లో సరుగుడు రాజు. తుమ్మ, చింత నిలకడగా కాలతాయి. మామిడి కొమ్మలు కత్తిరించాక ఏడాది ఆరితే బాగుంటాయి, పచ్చివి పొగ, మసి. గన్నేరు పుల్ల ఒక్కటి కూడా కలవనివ్వొద్దు, దాని పొగ విషం. రంగు వేసిన తలుపు చెక్కలు, ప్లైవుడ్ ముక్కలు కూడా అంతే. పడుకోబోయే ముందు నీళ్లు కుమ్మరించి ఆర్పొద్దు. ఎర్రగా ఉన్న ఇటుక మీద చల్లనీళ్లు పడితే మళ్లీ అదే పగులు. బొగ్గుల్ని పరిచి బూడిద కప్పేయండి, నోటికి ఇనుప రేకు అడ్డం పెట్టండి. వానకు తడిసిన గూడుని మర్నాడు పెద్ద మంటతో కాకుండా చిన్న మంటతో నిద్ర లేపాలి.

బూడిద ఎప్పటికప్పుడు ఎత్తేయాలి. తడిసిన బూడిద క్షారంగా మారి కీళ్లని తినేస్తుంది. మా అమ్మ దాన్ని జల్లించి కరివేపాకు చెట్టుకి పోస్తుంది, అక్కడికే పోతుంది మొత్తం.

ఏడాదికొకసారి, వానలు వెనక్కి తగ్గాక, పైకెక్కి చిమ్నీలో తాడుకి కట్టిన పాత కొబ్బరి చీపురు దించి మసి దులుపుతాం. జాలీ ఒక మూల ఊడిందని పోయినసారి ఆలస్యంగా చూశాను. ఉగాదికి తొంగి చూస్తే లోపల గోరింక గూడు, నాలుగు నోళ్లు తెరుచుకుని. పిల్లలు ఎగిరిపోయాకే జాలీ బిగించాను. అప్పటికి ఎలాగూ చలి లేదు.